మా తమ్ముడి తొలి పన్ను

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా నాయన పత్తి బండి తోలుకుని తూత్తుకుడి రేవుకు పోయి, తిరిగి రాలేదు. అది కుంపిణీ దొరల కాలం. మదురకు దక్షిణాన ఉన్న మా నల్లరేగడి ఊళ్ళలో పండిన పత్తి చాలావరకు ఆ రేవులోనే ఓడలెక్కేది. మా నాయన వెంట మా చిన్నాన్న కూడా తన బండి తోలుకుపోయాడు. వచ్చేటప్పుడు మాత్రం రెండు బండ్లనూ ఒకదాని వెనుక ఒకటి కట్టుకుని ఆయనొక్కడే వచ్చాడు. దారిలో వాంతిభేది తగిలిందనీ, పొద్దు కుంకేదాకా కూడా మనిషి నిలవలేదనీ, అక్కడే ఒక ఏటి ఒడ్డున మట్టి చేసి వచ్చాననీ మా అవ్వతో చెప్పాడు. చెప్పి ఎద్దులను విప్పడానికి వెళ్ళిపోయాడు.

మా అమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. "ఎద్దులు మేత తిన్నాయా?" అని మాత్రం అడిగింది.

ఊరి ఆడవాళ్ళు వచ్చారు, ఏడ్చారు, అమ్మ చేతుల గాజులు తీశారు. అమ్మ తన చేతులను ఎవరివో అన్నట్టు వాళ్ళకు ఇచ్చి కూర్చుంది. నాకూ ఏడుపు రాలేదు. బావిలో మునిగి లేచాక చెవుల్లో నీళ్ళు నిలిస్తే చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు ఎక్కడో దూరాన వినిపిస్తాయి చూడండి, ఆ రోజులన్నీ నాకు అలాగే జ్ఞాపకం. పొయ్యి వెలిగేది, సంకటి ఉడికేది, ఆవు పాలిచ్చేది. ఏదీ ఆగలేదు. ఇంట్లో ఎవరూ లేనట్టు ఉండేది, అంతే.

మా తమ్ముడు అప్పటికి బోర్లా పడి తల ఎత్తడం నేర్చుకున్న చంటివాడు. వాడు ఏడిస్తే అమ్మ పాలిచ్చేది. ఇస్తూ గోడవైపు చూసేది. తాగడం అయిపోగానే పక్కన చాప మీద పెట్టేసేది. వాణ్ణి చంకనెత్తుకుని తిప్పడం నా పని. వంటా గొడ్డూ మా అవ్వ చూసుకునేది. పోయింది ఆమె కన్నకొడుకు. అయినా మా ఎదుట ఆమె కన్ను తడవడం నేను చూడలేదు.

పక్కింటి అక్క మా మీద జాలిపడి ఒక ఉపాయం చేసింది. చిన్న బెల్లం ముక్కను గుడ్డపీలికలో మూటకట్టి తమ్ముడి నోట్లో పెట్టింది. వాడు దాన్ని చప్పరిస్తూ ఏడుపు మాని నిద్రపోయాడు. ఆ రోజు నుంచి వాడికి అదే అలవాటైంది. నిద్రలో కూడా మూట నోట్లోనే ఉండేది. ఇల్లు సద్దుమణిగిందని నాకు హాయిగానే ఉండేది. కొన్నాళ్ళకు వాడి నోరు పులిసిన వాసన కొట్టడం మొదలుపెట్టింది. నాలుక మీద, చిగుళ్ళ మీద తెల్లగా పాచి కట్టింది. వాడు పిడికిలి నోట్లో కుక్కుకుని ఊరికే కొరికేవాడు, చొంగ కారి ఎదంతా తడిసిపోయేది.

ఒక మధ్యాహ్నం వాడు చాప మీద నిద్రపోతుంటే గడ్డం మీదుగా పెదవుల దాకా చీమలు బారు కట్టాయి. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. చూస్తూనే ఉంది, ఆమెకు కనబడలేదు. పొలం నుంచి వచ్చిన అవ్వ చూసింది. గబగబా వాణ్ణి ఎత్తి, చీమలు దులిపి, బెల్లం మూటను పెరట్లోకి విసిరేసింది. ఎవరినీ ఏమీ అనలేదు. పక్కింటి అక్కనూ అనలేదు. చేతులు కడుక్కుని వచ్చి, అమ్మకు ఎదురుగా కూర్చుని, తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, నోట్లో వేలు పెట్టి తడిమింది. తడిమి తడిమి తల ఊపింది.

"పత్తి గింజలు తీసి తీసి నా వేళ్ళు చచ్చిపోయినాయి మే. ఈడి కింది చిగుట్లో ఏందో తగల్తా ఉండాది. పల్లో పుండో తెలీలేదు. నువ్వు కొంచెం తడివి చూడు."

అమ్మ కదల్లేదు. నేను ముందుకు జరిగి, నేను చూస్తానన్నాను. అవ్వ నా వైపు తిరిగిన తీరుకు నోరు మూసుకున్నాను.

"నువ్వు పొయ్యి కాడికి పో. సెంబులో నీళ్ళు కాచు, పో నా కణ్ణూ."

నేను వెళ్ళి పుల్లలు ఎగదోస్తూ అక్కడి నుంచే చూశాను. అవ్వ తమ్ముణ్ణి తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ చెయ్యి పట్టుకుని, అడగకుండానే నీళ్ళు పోసి కడిగి, తన కొంగుతో తుడిచింది. తర్వాత ఊరుకుంది. నీళ్ళు కాగడం మొదలైంది. అప్పుడు అమ్మ వేలు నెమ్మదిగా వాడి నోట్లోకి పోయింది. వాడు చటుక్కున కొరికాడు. అమ్మ భుజం అదిరింది.

"పల్లే," అంది. మళ్ళీ తడిమి, "గరుకుగా ఉండాది. ఇంకా బైటికి రాలేదు," అంది.

ఎద్దుల సంగతి అడిగిన తర్వాత అమ్మ పలికిన మొదటి మాట అదే. వేలు బయటికి తీసి వాసన చూసుకుంది. "నోరు పులిసిపోయిండాదే అత్తా," అంది.

"పావం, బిడ్డకేం తెలుసు. పల్లు వచ్చినాక చూసుకుందామని ఉండకూడదు మే. పుట్టిన దినం నుంచే పాలు తాగినాక చిగుళ్ళు తుడస్తా ఉండాల. నీ మొగునికి నేను అట్లనే తుడిస్తి."

కొడుకు మాట అవ్వ నోటి నుంచి రావడం అదే మొదలు. అన్నాక తనే బెదిరినట్టు ఆగిపోయింది. అమ్మ బిడ్డను అవ్వకు ఇచ్చి లేచింది. దండెం మీద మా నాయన పాత పంచె వేలాడుతూ ఉంది. ఉతికి ఉతికి మెత్తబడిన పంచె. ఆయన పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అమ్మ దాన్ని తీసి, అంచు పళ్ళతో కొరికి, నిలువునా ఒక పేలిక చించింది. ఆ చప్పుడుకు అవ్వ కళ్ళు మూసుకుంది.

ఆ పేలికను కాగిన నీళ్ళలో వేసి తీసి, చల్లారాక గట్టిగా పిండి, అమ్మ చూపుడు వేలికి చుట్టుకుంది. తమ్ముడి తల తన ఒళ్ళో ఆనించి పడుకోబెట్టుకుంది. అవ్వ పక్కనుంచి చెబుతూ ఉంటే ముందు పై చిగురు, తర్వాత కింది చిగురు, బుగ్గల లోపల, చివరికి నాలుక, మెల్లగా తుడిచింది. ఉప్పు వేద్దామా అని అమ్మ అడిగితే అవ్వ ఒప్పుకోలేదు. ఉప్పూ బొగ్గూ పెద్దవాళ్ళకే, చంటిబిడ్డకు ఒట్టి తడిగుడ్డ చాలు అంది. పొద్దున పాలు తాగాక ఒకసారి, సాయంత్రం నిద్రపుచ్చే ముందు తప్పకుండా ఒకసారి తుడవాలనీ, పన్ను పైకి వచ్చాక దాని ముందూ వెనకా రుద్దాలనీ, గుడ్డను రోజూ ఉడకబెట్టి ఎండలో ఆరేయాలనీ చెప్పింది. నోట్లో తీపితో బిడ్డ నిద్రపోవడం మాత్రం మళ్ళీ తన కంట పడకూడదని అంది.

మూట లేకపోయేసరికి తమ్ముడు కొన్ని సాయంత్రాలు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. అవ్వ చెయ్యి చాచలేదు, నన్నూ ఎత్తుకోనివ్వలేదు. వాణ్ణి భుజాన వేసుకుని వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగడం అమ్మకే పడింది. దాంతో అమ్మ బాగుపడిందని చెప్పలేను. గిన్నె తోమినట్టే వాడి నోరు తుడిచేది. నవ్వేది కాదు, జోల పాడేది కాదు. అయితే నోరు తుడవాలంటే ముఖం చూడక తప్పదు కదా. గోడవైపు చూస్తూ చేసే పని కాదది. పూటపూటకూ వాడి ముఖం చూసేది. పన్ను తెల్లగా పైకి వచ్చిన రోజు నన్ను పిలిచి చూపించింది.

కొంతకాలానికి ఒక మధ్యాహ్నం అవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుని పేలు చూస్తూ ఉంది. చూడ్డం ఏమిటి, కునికిపాట్లు పడుతోంది. కళ్ళు మూసుకునే ఉంది, వేళ్ళు మాత్రం ఈపి కూడా తప్పిపోకుండా పట్టి లాగుతున్నాయి. వేళ్ళు చచ్చిపోయాయన్నావు కదా అవ్వా అని అడిగాను. ఆమె దొరికిన పేనును గోళ్ళ మధ్య నొక్కి చంపి, ఒక కన్ను తెరిచింది.

"మీ అమ్మతో చెప్పొద్దు. దాన్ని ఏడవమంటే ఏడవలేదు, తినమంటే తినలేదు. బిడ్డకు ఏందో తగల్తా ఉండాది, చూడమంటే చూసె."

తమ్ముడి పళ్ళు వరసగా, గట్టిగా వచ్చాయి. ఏళ్ళు గడిచి వాడి తొలి పాలపన్ను ఊడినప్పుడు అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది, చూసి ఒక్కసారిగా నాయనను పిలుస్తూ గుండెలు బాదుకుని ఏడ్చింది. వీధిలో వాళ్ళు ఎవరో ఇప్పుడే పోయారనుకుని పరుగెత్తుకొచ్చారు. అవ్వ వాళ్ళను గడప దగ్గరే ఆపి వెనక్కి పంపేసింది. అమ్మను ఊరుకోమని ఎవరినీ అననివ్వలేదు.

ఇప్పుడు కుంపిణీ పోయి రాణిగారి దొరతనం వచ్చింది. అవ్వా లేదు, అమ్మా లేదు. నేను కన్న బిడ్డలకూ, వాళ్ళ బిడ్డలకూ పన్ను రాకముందు నుంచే చిగుళ్ళు తుడిచాను. వాళ్ళలో ఇద్దరిని మట్టిలో పెట్టాను కూడా. ఆ రోజుల్లో నా మనసు పని చేయలేదు, మిగిలిన బిడ్డల నోళ్ళు తుడిచే చేతులు మాత్రం ఆగలేదు. చావు జరిగిన ఇంటికి పోతే ఓదార్పు మాటలు నాకు రావు. ఆ ఇంట్లో ఎవరి చూపూ తగలని ప్రాణి ఏదైనా ఉందా అని వెతుకుతాను. మొన్న మా వీధిలో ఒక చిన్నదాని మొగుడు పోయాడు. నేను పోయి దాని పక్కన కూర్చుని, దాని చంటిపిల్లను ఒళ్ళోకి తీసుకుని, కొంచెం నీళ్ళు కాచి తెమ్మన్నాను. అది చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.