మెడ పట్టేసిన మూడు సంతలు

“మావుసీ, మెడ ఒక్కసారి ఇటు తిప్పండి. ఇప్పుడు అటు.”

“బస్సు కదల్తంది తల్లీ, తల లోపలెట్టు! నా మెడ బాగానే ఉంది. నీ మెడే ఇరిగిపోతాది.”

నాకూ నడుం డాక్టరమ్మకూ మధ్య జరిగిన ఆఖరి మాటలివి. రాయగడ బస్టాండులో కొరాపుట్ బస్సు కిటికీలోంచి సగం బయటికి వంగి ఆ పిల్ల నా మెడ పరీక్ష చేస్తోంది. నేను కింద నిలబడి, పిల్లకి ఆఖరి కోరిక కదా అని, అటూ ఇటూ తిప్పి చూపించాను. పక్కన వేరుశనక్కాయలు అమ్ముకునేవాడు నాకు పూనకం వచ్చిందనుకుని తట్ట తీసుకుని దూరం జరిగాడు. ఆమె వారానికి రెండు రోజులు కొరాపుట్ నుంచి వచ్చేది. ఇప్పుడు అక్కడే సొంత గది పెట్టుకుంది, ఇటు రావడం మానేసింది. మావుసీ అంటే ఒడియాలో పిన్ని. మొదటి రోజు నుంచీ నన్ను అలాగే పిలిచింది.

ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా కాలి సంగతి చెప్పాలి. నేను తల్లి కడుపులోంచి కాళ్ళు ముందు పెట్టి వచ్చినదాన్ని. మా శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఎదురుకాళ్ళవాళ్ళు అంటారు. నడుం పట్టేసినవాడు బోర్లా పడుకుంటే, ఎదురుకాళ్ళ మనిషి ఎడమ కాలితో మూడుసార్లు తొక్కితే పట్టు వదులుతుందని నమ్మకం. దానికి పైసా తీసుకోకూడదు. తీసుకుంటే కాలిలో చలవ పోతుంది. రెండు తమలపాకులు, ఒక వక్క ఇస్తే చాలు. రాయగడలో మా వీధిలో నేను తొక్కని నడుం లేదు. మా వార్డు మెంబరు నడుం కూడా తొక్కాను, ఎలక్షన్‌కి ముందు ఒకసారి, గెలిచాక ఒకసారి.

మా ఆయన తెరుబలి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేసేవాడు. ఇంటికి రాగానే చొక్కా విప్పి గుమ్మంలోనే బోర్లా పడిపోయేవాడు.

“తొక్కవే, నీకు పున్నెముంటాది.”

“మొగుణ్ణి తొక్కి పున్నెం సంపాదించిన ఆడది ఈ రాయగడలో నేనొక్కదాన్నే,” అనేదాన్ని.

ఆయన పోయాక ఎండుచేపల వ్యాపారం పట్టాను. నెత్తళ్ళు, సావళ్ళు, రొయ్యపొట్టు గంపకెత్తుకుని, వారం వారం పాసింజరు బండిలో బిస్సమ్ కటక్ సంతకి వెళ్ళేదాన్ని. సంతలో నా చోటు ఉప్పు కొట్టు ఎదురుగా. అక్కడ కూర్చుంటే నేను ఎవరి తల్లినీ కాదు, ఎవరి అత్తనీ కాదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది కానీ, ఆ గొంతు విని కొండల మీది నుంచి దిగివచ్చే ఆడవాళ్ళు ఇంకో కొట్టు వైపు చూడకుండా నా దగ్గరికే వస్తారు.

ఒక సంత రోజు తెల్లారి గంప ఎత్తి నెత్తి మీది చుట్టకుదురు పైన పెట్టుకున్నాను. మెడలో కలుక్కుమంది. గంప దించగలిగాను కానీ తల కుడివైపు తిరగలేదు. చేతిలో రెండు వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ రోజు బండి నేను లేకుండా వెళ్ళిపోయింది.

మా సంతకి ఒక కట్టుబాటు ఉంది. వరసగా మూడు సంతలు రాకపోతే ఫరవాలేదు, పక్కవాళ్ళు చోటు కాస్తారు. నాలుగో సంతకీ రాకపోతే, ఎవరు ముందు గోనె పరిస్తే చోటు వాళ్ళది. కమిటీ కాగితాల్లో ఇది ఉండదు, కానీ కమిటీ మాట కంటే గట్టిది. కాబట్టి నాకు ఇంక మిగిలింది మూడు వారాలు.

మా అబ్బాయి మునిసిపాలిటీలో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. వాడికి ఇదే అదనుగా దొరికింది.

“సాల్లేమ్మా. ఇన్నాళ్ళు మోసేవు. ఇంటికాడ కూకో. నీకేటి తక్కువ?”

“కూకోడానికి నేనేటి బొమ్మనేటిరా? బొమ్మకైనా ఏడాదికోసారి ఊరేగింపుంటాది.”

వాడు ప్రేమగానే అన్నాడు. అందుకే ఇంకా భయం వేసింది. కోపంగా అన్న మాటకి ఎదురు చెప్పొచ్చు.

మరి నలుగురి నడుములు తొక్కినదానివి, నీ మెడ నువ్వు బాగుచేసుకోలేవా అని వీధిలో అందరూ అడిగారు. ఎదురుకాళ్ళ చలవ ఎదుటివాళ్ళకే పనిచేస్తుంది. మంగలి తన తల తాను గొరుక్కుంటాడా?

మా కోడలు మర్నాడు నన్ను ఆటో ఎక్కించి, మందుల షాపు మేడ మీద గదికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మది ఎముకలూ కీళ్ళూ సర్దే చదువు. కైరోప్రాక్టిక్ అంటారని కోడలు రెండుసార్లు చెప్పింది. నా నోరు తిరగలేదు, నడుం డాక్టరమ్మ అనేశాను.

చూస్తే చిన్న పిల్ల. ఎక్కడ నొప్పి అని అడగలేదు. పొద్దున్న లేచింది మొదలు ఏం చేస్తారో చెప్పండి అంది. చెప్పాను.

“గంప ఎంత బరువుంటుంది మావుసీ?”

“తూకమెయ్యనేదమ్మా. ఇదిగో, మా కోడల్లో సగముంటాది.”

“నేనంత లావున్నానేటత్తా?” అంది కోడలు.

“సగమే అన్నాను కదే.”

నా వేళ్ళు పట్టుకుని పిండమంది. మోకాలి మీద చిన్న సుత్తితో తట్టింది. ముందు ఎక్స్‌రే తీయించుకు రమ్మంది. ఆ ఫొటో వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. అప్పుడు గానీ నన్ను బల్ల మీద పడుకోబెట్టలేదు. ముఖం పెట్టుకోవడానికి కన్నం ఉన్న బల్ల అది. బోర్లా పడుకుంటే ఆ కన్నంలోంచి ఆమె చెప్పులు కనబడుతున్నాయి. ఇంక పటపటమనిపిస్తుందని పళ్ళు బిగించాను. ఆమె రెండు వేళ్ళు మెడ పక్కన ఆనించింది. నొక్కడం కాదు, పిండడం కాదు. బొప్పాయి పండిందో లేదో చూసినట్టు. “ధీరే ధీరే ఊపిరి వదలండి,” అంది. వేళ్ళు కాస్త జరిపింది. మళ్ళీ ఊపిరి. చెప్పులు ఇటు నుంచి అటు వెళ్ళాయి.

“ఎప్పుడు మొదలెడతావు తల్లీ?” అని కన్నంలోంచే అడిగాను.

“అయిపోయింది మావుసీ.”

“అయిపోడమేటి? ఒక్క ఎముకైనా సప్పుడు సెయ్యనేదు!”

“చప్పుడు రావాలని ఏమీ లేదు. మీ మెడ ఇప్పటికే భయపడి ఉంది. దాన్ని ఇంకా భయపెట్టకూడదు.”

రోజుకి నాలుగుసార్లు గడ్డం వెనక్కి లాక్కోవడం, భుజాలు తిప్పడం నేర్పింది. రాత్రి తలకింద ఎత్తుగా పెట్టుకునే మూట తీసేయమంది. ఇంటికొచ్చాక కోడలితో అన్నాను, చీమ పాకినట్టుంది, దీనికి బల్లెందుకు, కన్నమెందుకు అని. కానీ మూడో రోజుకి పొయ్యి వైపు తల తిప్పి చూడగలిగాను. పాలు పొంగుతుంటే నేనే ముందు చూశాను. సంతకి మాత్రం ఇంకా వద్దంది. రెండో సంత పోయింది.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. చీమ పాకితేనే ఇంత తగ్గింది కదా, సరైన మనిషి సరిగ్గా తొక్కితే మొత్తం పోదా అనుకున్నాను. ఈ చుట్టుపట్ల నాకు తెలిసిన ఎదురుకాళ్ళ మనిషి ఇంకొక్కడే. కల్యాణసింగ్‌పూర్ దగ్గర సేద్యం చేసుకునే మా దూరపు చుట్టం, నాకు తమ్ముడి వరస. పెళ్ళికని చెప్పి బస్సెక్కాను.

అతను పొలం నుంచి అప్పుడే వచ్చాడు. సంగతి వినగానే రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

“అప్పా, నువ్వు నాకంటే పెద్దదానివి. నిన్ను నేను తొక్కడమేటి? కల్లు పోతాయి.”

“కల్లు పోతే పోనీ, కాలు పెట్టు తమ్మీ. సంత పోతంది నాకు.”

ఎడ్ల వెనక ముప్ఫై ఏళ్ళు నడిచిన కాలు అది. భుజాల మధ్య మొదటిసారి తొక్కితే హాయిగానే ఉంది. రెండోసారి ఊపిరి ఆగింది. మూడోసారి నేను మా అమ్మను పిలిచాను. లేచి నిలబడేసరికి తల ఎడమ భుజం మీదికి ఒరిగిపోయింది. ఇంక లేవలేదు. తిరుగు బస్సులో పక్క సీటు పెద్దాయన భుజం మీద నా తల ఆనుకుపోయింది. ఆయన మర్యాదస్తుడు, కదలకుండా కూర్చున్నాడు. ఆయన భార్య మర్యాదస్తురాలు కాదు.

మా వీధి మొత్తం చర్చించి తేల్చిందేమిటంటే, ఇద్దరు ఎదురుకాళ్ళవాళ్ళ చలవ ఒకదాన్నొకటి గుద్దుకుంది అని. అందులో ఎవరికీ అనుమానం లేదు. నాకు మాత్రం ఆ కాలి బరువే గుర్తుంది.

అబ్బాయి ఒక్కటే మాట అన్నాడు. “ఇంక సంత పేరెత్తితే నా మీద ఒట్టే.”

డాక్టరమ్మ ఆ రోజు నవ్వలేదు. నా మీద చెయ్యి కూడా వెయ్యలేదు. వేళ్ళు పట్టి చూసింది, గదిలో నడిపించింది, ఆ క్షణమే పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ ఇంకా పెద్ద ఫొటో తీశారు. ఏదీ విరగలేదు, వాపు మాత్రమే. ఆ మాట విన్నాక గానీ ఆ పిల్ల కుర్చీలో కూర్చోలేదు. వాపు తగ్గేదాకా కదలొద్దంది. మూడో సంతా పోయింది.

ఆ తర్వాత వెళ్ళినప్పుడు, వేడి గుడ్డ మెడ మీద వేసి, “మీరు ఎలా తొక్కుతారో నాకు చూపించండి,” అంది. నేల మీద దిండు వేసింది. నేను గోడ పట్టుకుని ఎడమ కాలు పెట్టబోయాను. ఆమె చటుక్కున వంగి, దిండు మీద తన అరచెయ్యి పరిచింది.

“నా చెయ్యి మీద పెట్టండి.”

“తప్పు తల్లీ! డాక్టరు సేతి మీద కాలెట్టడమేటి?”

“నేను చదువుకుంటున్నాను అనుకోండి.”

కళ్ళు మూసుకుని పెట్టాను. ఆమె కూడా కళ్ళు మూసుకుంది. మూడుసార్లు ఆనించి తీశాను.

“మావుసీ, మీరు బరువే వెయ్యరు. గోడ మీదే ఉంది మీ బరువంతా. వేళ్ళు ఆనిస్తారంతే. నేను చేసేదీ ఇంచుమించు అదే. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు.”

మా ఆయన నడుం మీద నేర్చుకున్న పని అది. అలసిపోయిన మనిషి మీద బరువెలా వేస్తాం? ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆ పిల్ల చెబితే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మెడ నొప్పికి అని అబద్ధమాడాను.

కానీ ఆమె ఊరికే వదల్లేదు. కాలు మొద్దుబారినవాళ్ళనీ, కింద పడినవాళ్ళనీ, ముసలి ఎముకలవాళ్ళనీ తొక్కకూడదని మాట తీసుకుంది. ఇప్పుడు తమలపాకులు పుచ్చుకునే ముందు అన్నీ అడుగుతున్నాను. సగం మందిని డాక్టరు దగ్గరికే పొమ్మంటున్నాను.

“మరి నాలుగో సంతకి ఎల్లొచ్చా?” అని అడిగాను.

“వెళ్ళండి. కానీ తల మీద బరువు ఇంక ఎప్పుడూ వద్దు.”

“గంప నేకుండా సంతకెల్లి నేనేటి సెయ్యాల? ఉప్పు కొట్టోడికి పలకరింపులా?”

ఇంటికొచ్చి గోడకి చేరబడి కూర్చున్నాను. మర్నాడే సంత. చేపలు మూలనున్నాయి, నేను ఇంకో మూలనున్నాను. రెండింటినీ కలిపే దారి లేదు.

అప్పుడు మా కోడలు అటక మీది నుంచి తన పెట్టె దింపింది. కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. ఎర్ర రంగు, కింద చక్రాలు, పైన లాగే కడ్డీ. లోపలున్న పట్టుచీరలు తీసి మడత నలగకుండా మంచం మీద పేర్చింది. కాగితాలు పరిచింది. నెత్తళ్ళు అడుగున, రొయ్యపొట్టు పైన సర్దింది.

“అమ్మీ, ఆ వాసన ఈ జనమకి పోదే,” అన్నాను.

“పోకపోతే పోనీ అత్తా. నువ్వు ఇంటికాడుంటే మా ఇద్దరికీ పిచ్చెక్కుద్ది.”

అబ్బాయి గుమ్మంలో నిలబడి చూశాడు. ఒట్టు సంగతి ఎత్తలేదు. ముక్కు మూసుకుని, తెల్లారి ఆ పెట్టెని తనే స్టేషనుకి లాక్కొచ్చి బండిలో పెట్టాడు. బిస్సమ్ కటక్‌లో దింపడానికి బండిలోని కుర్రాళ్ళు సాయం పట్టారు. ఎక్కడికెళ్తున్నావు మావుసీ అని ఒకడు అడిగాడు. విమానం ఎక్కడానికి అన్నాను. వాసన చూసి నమ్మలేదు.

సంతలోకి నేను పెట్టె లాక్కుంటూ వెళ్తుంటే ఉల్లిపాయల ఆవిడ కేక పెట్టింది.

“ఓలమ్మో! ఇదేటప్పా, ఎవులి పెల్లికొచ్చినావు?”

“నీ పెల్లికే. మూర్తం దాటిపోతంది, జరుగు!”

ఉప్పు కొట్టు ఎదురుగా నా చోటు ఖాళీగానే ఉంది. గోనె పరిచి, పెట్టె మూత తెరిచి, మెడ నిలబెట్టి ఒక్క అరుపు అరిచాను. మొదటి బేరానికి వచ్చిన కొండ ఆడమనిషి నెత్తళ్ళు చూడలేదు, పెట్టె చక్రాలు చూసింది. రెండుసార్లు అటూ ఇటూ తోసి చూసుకుని, అప్పుడు చేపలు అడిగింది.

ఆ తర్వాత ఏ సంతా తప్పలేదు. మా కోడలు మాత్రం తన పట్టుచీరలు ఇప్పటికీ దుప్పటిలో మూటకట్టి పెట్టుకుంటోంది. కొత్త పెట్టె కొంటానంటే వద్దంటుంది, ఉన్న చోటు చాలంటుంది.

అమ్మీ, అయిపోయింది. కలం కింద పెట్టకు. ఏటి రాసేవో సదివి ఇనిపించు. నీ గురించీ నీ పెట్టె గురించీ నేను సెప్పిన కాడ నువ్వు రాయకుండా దాటేసుంటావు, నాకు తెల్సు. అక్కడి నుంచే సదువు.