బంకమట్టి కోట

మా అమ్మాయిని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. ఇవాళ తెనాలిలో అది చరిత్ర పాఠానికి బంకమట్టితో కోట కడుతుంటే, ఆ తడి వాసనకి నా చిన్నప్పటి కోట గుర్తొచ్చింది. కాలవ మట్టి వాసన ఎలా ఉంటుందో మీకూ తెలుసుగా?

రేపల్లెలో ఉన్నప్పుడు నాన్న నన్నూ బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పారు. చరిత్ర చేత్తో చేస్తేనే వస్తుందనేవారు. వారమంతా కూర్చుని కోట కట్టాను, బురుజులకి చింతగింజలు అద్దాను. నాన్న తీరిగ్గా చూసి, బిందెడు నీళ్ళు దానిమీద కుమ్మరించారు.

"రాజ్యాలు ఇలాగే పోతాయి. ఏడవకు, మళ్ళీ కట్టు."

"పసిదండీ, వదిలేయండి," అంది అమ్మ.

"నువ్వు లోపలికి పో."

మళ్ళీ కట్టాను. ఆయన చెప్పుల చప్పుడు వినగానే నేనే కాళ్ళతో తొక్కేశాను. నాన్న మొదటిసారి నా తల నిమిరి, "ఇప్పుడొచ్చింది నీకు చరిత్ర," అన్నారు.

ఆ మెచ్చుకోలుకి పొంగిపోయాను చూడండి, అది తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.