అవరె తీగ, చీపురు పుల్ల

నా చిన్నప్పుడు కె.ఆర్.పురంలో మా మిద్దె మీద కుండీలో ఒక అవరె తీగ, అంటే చిక్కుడు తీగ, ఉండేది. మద్రాసు రైల్లో పోయేవాళ్ళు దాని కొసను చూసి స్టేషను వచ్చేసిందని సామాన్లు దించుకునేవారు. స్కూలు సైన్సు ఎగ్జిబిషన్ కోసం దాన్ని నేనే పెంచాను. రోజూ పొద్దున టేపుతో కొలిచి, గ్రాఫు కాగితం మీద ఒక చుక్క పెట్టాలి. ఒక్క రోజు లెక్క తప్పినా చోటివ్వనని మా సైన్సు మాస్టారు ముందే చెప్పారు. ఆయన గొంతుకు ల్యాబులో గాజు గొట్టాలు వాటంతట అవే బీటలువారేవి.

అంతలో అమావాస్య వచ్చింది. మా అవ్వ మిద్దె మెట్లకు అడ్డంగా కోటగోడలా కూర్చుంది.

"పెరిగేదాన్ని అమావాస్య పొద్దు కొలుస్తారాప్పా? దిష్టి తగల్దా? సుమ్నె గమ్మునుండు!"

టేపు ఆమె బొడ్లో దూరిపోయింది. మర్నాటిదాకా బయటికి రాలేదు. గ్రాఫులో చుక్కల మధ్య ఊడిన పన్నులా ఒక సందు మిగిలింది. నా ఏడుపుకు వీధి కుక్కలు శ్రుతి కలిపాయి.

ఆ ఏడుపు విని పక్కింటి అక్క వచ్చింది. బి.ఎస్సీ.లో లెక్కలు చదివేది; మా వీధికి లెక్కల్లో ఆమే సుప్రీంకోర్టు. ఏదో ఒక అంకె వేసేద్దామని నేనంటే నా చేతిలోని పెన్సిలు లాక్కుంది.

"ఏమప్పా సైంటిస్టూ, నువ్వు చూడలేదని తీగ ఆ పొద్దు పెరక్కుండా కూర్చునిందా? మొన్న ఉన్న చోటి నుంచి ఈ పొద్దుకు ఎగిరి దూకిందా?"

మా చీపురులోంచి పచ్చిదనం పోని ఈనె ఒకటి లాగింది. చుక్కచుక్కకూ గుండుసూది గుచ్చి, వాటి మధ్య ఆ పుల్లను వంచింది. అది ఎక్కడా విరగలేదు, కోసుగా మడత పడలేదు. మెత్తగా ఒంగి సందు మీదుగా అవతలి చుక్కకు పోయింది. దాని వెంబడే పెన్సిలు గీసి, అమావాస్య దగ్గర ఆగి చదివింది: నలభై ఒక్క సెంటీమీటర్లు. (రైలు సంగతి ఇక వదిలేయండి.) అక్కడ చుక్క పెట్టనివ్వలేదు, ఖాళీ సున్న చుట్టింది. అది మనం కొలిచింది కాదు, గీత చెప్పింది. చూసేవాళ్ళకు ఆ తేడా తెలియాలంది. జ్వరం చార్టులోనైనా, గ్రహాల దారిలోనైనా చూడని క్షణాన్ని ఇట్లాగే తెగని గీతతో పట్టుకుంటారట. మధ్యలో ఎవరైనా తీగ కొస తుంచి ఉంటే మాత్రం పుల్ల మాట చెల్లదట.

ఎగ్జిబిషన్ రోజు మాస్టారి వేలు సరిగ్గా ఆ సున్న మీదే వాలింది.

"ఇదేమిట్రా? కొలవకుండానే కొలతా? తీసెయ్ కుండీ!"

నేను కుండీని కావలించుకున్నాను. పట్టుచీర కట్టుకుని వచ్చిన మా అవ్వ ముందుకు జరిగింది.

"ఆ పొద్దు కొలవనియ్యలేదు సార్. తీగ కొస యాడుండాదో సరిగ్గా ఆడ, దిష్టికి తీగ పాకే కర్రకు నల్లదారం కట్టినా. ఉండాది చూడండి."

ఆ దారం నాకూ తెలియదు, అక్కకూ తెలియదు. మాస్టారు మట్టి దగ్గర టేపు ఆనించి దారం దాకా లాగారు. నలభై ఒకటి, ఆపైన వెంట్రుకవాసి. ఆయన ఇంకోసారి కొలిచి, కుండీని తన చేతులతోనే ముందు వరసలో పెట్టారు. నా చొక్కా గుండీలు తెగి ఊరవతల హోసకోటలో పడ్డాయి. అక్క మా అవ్వ బుగ్గ గిల్లింది. అవ్వ మాత్రం అందరికీ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతోంది.

ఇప్పుడు మారతహళ్ళిలో మా ఫ్లాటు తలుపు వెనక ఒక గ్రాఫు కాగితం ఉంది, మా అమ్మాయి ఎత్తుది. ఏటా పుట్టినరోజుకు ఒక చుక్క. ఉద్యోగం పేరుతో నేను వేరే ఊళ్ళో ఉండిపోయిన పుట్టినరోజులకు చీపురు పుల్ల వంచి, ఖాళీ సున్నలు చుట్టాను. ఆ రోజుల్లోనూ అది పెరిగింది. నేను చూడలేదు, అంతే.