మా ఇంట్లో వైకింగులు

మా ఆయన తల దువ్వుకోవడం మానేశాడని నేను గమనించేసరికి ఎండలు ముదిరాయి. గడ్డం అప్పటికే గుండెల మీదికి దిగింది. ఉప్పల్‌లో ఆ ఎండలకు ఉత్తి బనియన్‌తో కూర్చున్నా చెమట కారిపోతుంటే, ఈయన మాత్రం గడ్డాన్ని రెండు పాయలుగా తీసి, చివర రబ్బరు బ్యాండ్లు చుట్టుకుని, మెడ కింద లేచిన దద్దుర్లు గోక్కుంటూ తిరిగేవాడు.

"ఏందిది? ఇంట్ల దువ్వెన దొర్కుతలేదా?" అని అడిగాను.

"మా జాతోళ్ళు దువ్వుకోరు," అన్నాడు ఫోన్ మీంచి చూపు తిప్పకుండా.

నాకు తెలిసి వాళ్ళవాళ్ళంటే ఉప్పల్ పాత ఊళ్ళో తరతరాలుగా వరి, జొన్న పండించుకున్న రైతులు. భూములు పోయాక కూడా మా అత్తమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు బర్రెలను కట్టేసుకుని, చుట్టుపక్కల ఇళ్ళకు పాలు పోస్తోంది. వాళ్ళలో తల దువ్వుకోని మనిషి నాకెప్పుడూ తారసపడలేదు. ఆయన చెబుతున్నది ఫోన్‌లో ఆడే ఆటలోని జాతి గురించి.

అదొక కల్పిత లోకం. ఎడారి వాళ్ళు, అడవి వాళ్ళు, ఉత్తరాన మంచులో ఉండేవాళ్ళు, ఇట్లా అందులో చాలా జాతులు. మా ఆయనది మంచు జాతి. నెత్తిన కొమ్ముల టోపీ, చేతిలో గొడ్డలి, భుజాన తోడేలు తోలు. పడవల్లో వస్తారు, ఊళ్ళు తగలబెడతారు, పుర్రెల్లో సారా తాగుతారు, యుద్ధంలో చచ్చిపోవాలని ఆశపడతారు. నిజ జీవితంలో ఆయన నాచారంలో ఒక మందుల కంపెనీలో మాత్రలు చేసే మిషన్ మీద ఆపరేటర్. అక్కడ తోటి పనివాళ్ళు ఇద్దరు, సైనిక్‌పురిలో ఉండే చిన్నప్పటి స్నేహితుడొకడు, ఈయన కలిసి ఆటలో ఒక ముఠా కట్టారు. దాన్ని క్లాన్ అంటారట. మా ఆయన దానికి నాయకుడు.

ఆట ఆడుకోవడానికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. ఫ్యాక్టరీలో రోజంతా ఒకే మిషన్ ముందు నిలబడి వచ్చిన మనిషికి ఏదో ఒక కాలక్షేపం కావాలి. నన్ను విసిగించింది ఆ ఆట ఫోన్ దాటి ఇంట్లోకి రావడం. మటన్ ముక్కను రెండు చేతులతో పట్టుకుని పీకడం. షెడ్డులోకి గడ్డి మోపు తెచ్చి వేయమంటే "యోధులు గడ్డి మోయరు" అనడం. పన్ను పీకించుకోవడానికి భయపడి డాక్టరును నెలల తరబడి తప్పించుకు తిరిగిన ఈయనే, పప్పు కలుపుకుంటూ "చావంటే మాకు భయం లేదు" అనడం. నేను పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తినేదాన్ని.

ఒకరోజు ఆయనే కదిపాడు. "ఈ జాతి నిజంగనే ఉండె, ఎర్కేనా? వైకింగులు. అచ్చం గిట్లనే ఉండెటోళ్ళు."

నేను నాచారంలోనే ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. అచ్చం ఇట్లనే అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లలు పరీక్షల్లో రాజులందరికీ ఒకే బొమ్మ గీసినప్పుడు వచ్చే మంటే అది.

"ఎవలు చెప్పిన్రు మీకు?"

"ఎవలు చెప్పుడేంది? గేమ్ల ఉన్నది."

వారం తిరక్కముందే ఇంకో మాట పట్టుకొచ్చాడు. క్లాన్ పెట్టి ఏడాది కావస్తోందట, ఆదివారం మా డాబా మీద దావత్ చేసుకుంటారట. "నువ్వు సోషల్ టీచర్‌వని అందరికి చెప్పిన. వైకింగుల గురించి జర మాట్లాడు. నా ఇజ్జత్ నిలవెట్టు."

ఒప్పుకోవాల్సింది కాదు. కానీ నాకు తెలియని సంగతి ఎవరైనా అడిగితే ఊరుకోలేను, అది నా రోగం. బడి నుంచి వచ్చాక కూర్చుని, దొరికినదల్లా చదివాను. చదివేకొద్దీ ఆ ఆట మీద కోపం పెరిగింది.

వైకింగ్ అన్నది అసలు జాతి పేరే కాదు. దోచుకోవడానికి సముద్రం మీద పోయేవాడిని అట్లా పిలిచేవాళ్ళు. ఆ దేశాల్లో ఎక్కువమంది అటు పోనేలేదు. బార్లీ చల్లుకున్నారు, గొడ్లను మేపుకున్నారు, చలికాలానికి గడ్డి కోసి దాచుకున్నారు. పోయినవాళ్ళలోనూ చాలామంది విత్తనాలు వేసి పోయి, కోతలకు తిరిగొచ్చే రైతులే. పడవకు కట్టే తెరచాపను ఇంటి ఆడవాళ్ళు ఉన్ని వడికి నేసేవాళ్ళు, పడవ చేయడం కన్నా ఆ తెరచాపకే ఎక్కువ కాలం పట్టేదట. తగాదా వస్తే అందరూ ఒకచోట కూడి న్యాయం చెప్పుకునేవాళ్ళు. ఇక వాళ్ళ సమాధుల్లో తరచూ దొరికే వస్తువుల్లో ఒకటేమిటో చూసి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. దువ్వెన.

ఆదివారం పొద్దున్నే గొడవ మొదలైంది. నలుగురికీ టోపీలు తయారు చేయించిన సైనిక్‌పురి స్నేహితుడు, నాయకుడి టోపీ ప్రత్యేకంగా ఉండాలని ఎక్కడి నుంచో అసలు బర్రె కొమ్ములు తెప్పించి బిగించాడు. అవి పెట్టుకుని మా ఆయన వాకిట్లోకి వచ్చేసరికి అత్తమ్మ పాలు పిండి బయటికి వస్తోంది. కొడుకును చూసి చెంబు కింద పెట్టింది.

"అవి యాడియిరా?"

"కొమ్ములమ్మా. టోపీకి పెట్టిచ్చిన."

"కొమ్ములని నాకు కనవడ్తలేదా? రోజు ముట్టుకునే బర్రె కొమ్ములు నెత్తికి పెట్టుకుంటవా? సిగ్గు లేదా? తియ్యి! లోపలున్న గొడ్లు సూస్తె బెదుర్తయి."

"అమ్మా, ఇది మా జాతి—"

"మీ జాతా? నిన్ను కన్నది నేను. నాకు తెల్వని జాతి యాడికెళ్ళి వచ్చింది?"

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. పైకి పోయాక మళ్ళీ పెట్టుకున్నాడు.

డాబా మీద షామియానా కింద నలుగురూ చేరారు. ప్లాస్టిక్ పుర్రె గ్లాసుల్లో కూల్‌డ్రింకు. టోపీల కింద చెమట చెవుల మీదుగా కారుతోంది. అత్తమ్మ కొడుకుతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నా, ఏం జరుగుతుందో చూడాలని వచ్చి మెట్ల దగ్గర కూర్చుంది. నేను చదివి వచ్చింది చెప్పడం మొదలుపెట్టాను.

"ముందుగాల ఆ టోపీలు. వాళ్ళు యుద్ధంల కొమ్ముల టోపీలు పెట్టుకున్నట్టు యాడ ఆధారం లేదు. చాన ఏండ్ల తర్వాత నాటకాలకు బట్టలు కుట్టేటోళ్ళు పెట్టిన కొమ్ములవి."

ఎవరూ టోపీ తీయలేదు.

"పుర్రెలల్ల తాగలేదు. కొమ్ములల్ల తాగిన్రు. కొమ్ము నెత్తి మీద కాదు, చేతుల ఉంటుండె."

"గంతే గద వదినా, జర పైకి పోయింది," అన్నాడు సైనిక్‌పురి స్నేహితుడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

దువ్వెనల సంగతి చెప్పాను. వారానికో రోజు తప్పకుండా స్నానం చేసేవాళ్ళని, ఆ రోజుకు వాళ్ళ భాషలో స్నానాల రోజు అనే పేరని, ఇప్పటికీ అక్కడ శనివారాన్ని అట్లాగే పిలుస్తారని చెప్పాను. రోజూ తల దువ్వుకుని శుభ్రంగా ఉండే ఈ మగవాళ్ళ వెంట తమ ఆడవాళ్ళు పడుతున్నారని ఇంగ్లండు వాళ్ళు ఏడ్చుకున్నట్టు ఒక పాత రాత ఉందని కూడా చెప్పాను. మా ఆయన చేయి తెలియకుండానే గడ్డం మీదికి పోయింది.

అప్పుడు మెట్ల దగ్గర నుంచి అత్తమ్మ అడిగింది. "మొగోళ్ళందరు పడవలెక్కి పోతె గొడ్లను ఎవలు సూసిన్రు బిడ్డా?"

"ఆడోళ్ళే అత్తమ్మా. తాళాలు నడుముకు కట్టుకుని ఇల్లు, పొలం, పాడి అంత వాళ్ళే నడిపిచ్చిన్రు. మొగడు మంచోడు కాకుంటె సాక్షులను పిలిచి, వీనితోని ఉండనని చెప్పి విడిచిపెట్టే హక్కు గూడ ఉండె."

"మంచి పని," అంది అత్తమ్మ కొడుకు వైపు చూసి.

అంతవరకూ బాగానే సాగింది. శుభ్రం, న్యాయం, ఆడవాళ్ళ హక్కులు వినేసరికి వాళ్ళకు ఉత్సాహం వచ్చింది. "సూసిన్రా, మనోళ్ళు ఎంత గొప్పోళ్ళో!" అన్నాడు ఫ్యాక్టరీ స్నేహితుల్లో ఒకడు. ఆ మాటతో నాకు మళ్ళీ మండింది. ఇంతసేపూ చెప్పింది ఇందుకా?

"ఇంకోటి ఉన్నది," అన్నాను. "మీ గేమ్ల ఊరు తగలబెట్టినంక ఏమైతది?"

"బంగారం వస్తది. పాయింట్లు వస్తయి."

"మనుషులు?"

"మనుషులేంది?"

"ఆ ఊళ్ళె ఉన్న మనుషులు. వాళ్ళు ఏమైతరు?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆటలో ఊళ్ళు తగలబడ్డాక ఖాళీగా ఉంటాయి. ఆ ప్రశ్న వాళ్ళకెప్పుడూ రాలేదు.

"నిజం వైకింగులకు బంగారం కన్న మనుషులే పెద్ద దోపిడి. ఆడోళ్ళను, పిల్లలను పట్టుకుని, పడవలల్ల ఏసుకుని పోయి, దూరదేశాలల్ల అమ్ముకున్నరు. ఉంచుకున్నోళ్ళతోని పేడ ఎత్తిచ్చిన్రు, పొలం దున్నిచ్చిన్రు."

కింద గల్లీలో కూరగాయల బండి వాడి మైకు మోగుతోంది.

"అది వద్దు వదినా," అన్నాడు సైనిక్‌పురి స్నేహితుడు. "పండుగ పూట గది చెప్తె మూడ్ ఖరాబ్ అయితది."

"గొడ్డలి పెట్టి తలలు నరికితె ఖరాబ్ కాని మూడ్ దీనికి ఖరాబ్ అయితదా అన్నా?"

"అది గేమ్ గద."

"మరి అచ్చం గిట్లనే ఉండిన్రని మీరే అంటిరి గద!"

నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది. మా ఆయన "సాలు తియ్యి, బిర్యాని సల్లగైతున్నది" అని లేచాడు. నేను కిందికి వచ్చేశాను. సాయంత్రం దాకా ఆయన నాతో మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే గడ్డం పోయింది. అందులో నా గొప్పేమీ లేదు. ఫ్యాక్టరీలో ఆయన్ని పౌడరు కలిపే గదికి మార్చారు. అక్కడ ముక్కూ నోరూ మూసే మాస్కు మొహానికి బిగుతుగా అతుక్కోవాలి. గడ్డం అడ్డుపడి గాలి లోపలికి పోతోందని ఇన్‌చార్జి తీసేయమన్నాడు. రెండు రోజులు ఇంట్లో అలిగి, మూడో రోజు మంగలి షాపుకు పోయి వచ్చాడు. ఎండ తగలని దవడలు తెల్లగా బయటపడి, ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టుంది. ఆ పూట అత్తమ్మ ఆయన అన్నంలో ఇంకో గరిటె పెరుగు వేసింది.

ఆట మాత్రం ఆగలేదు. మళ్ళీ నలుగురూ ఫోన్లలో కలిసి ఊళ్ళు తగలబెట్టుకుంటూనే ఉన్నారు. చెప్పాల్సింది చెప్పాను, ఇక నాకెందుకని నా పేపర్లు నేను దిద్దుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, ఆయన ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆడడం లేదు, ఊరికే పట్టుకున్నాడు.

"కొత్తది వచ్చింది గేమ్ల," అన్నాడు. "సూడు."

చూశాను. బందీల వేట అట. పడవ ఒడ్డుకు తెచ్చి, పరిగెత్తే ఊరివాళ్ళ మీద వల విసిరి పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళను రేవులో అమ్మితే పాయింట్లు. పిల్లల్ని పట్టుకుంటే ఎక్కువ పాయింట్లు. వాళ్ళు దొరికిపోయినప్పుడు వెనక ఒక హుషారైన పాట. అమ్ముతున్నవాళ్ళ నెత్తిన కొమ్ములు అట్లాగే ఉన్నాయి.

ఆ ఆట తయారు చేసినవాళ్ళు వైకింగుల దువ్వెన తీసుకోలేదు, మగ్గం తీసుకోలేదు, గొడ్లను తీసుకోలేదు, నలుగురు కూడి న్యాయం చెప్పుకోవడం తీసుకోలేదు. ఇన్ని వదిలేసి ఈ ఒక్కటీ ఏరుకున్నారు. ఏరుకుని పాట పెట్టారు.

"మీవోళ్ళు ఏమంటున్నరు?" అని అడిగాను.

"మస్తున్నదంటున్నరు. నన్ను రమ్మంటున్నరు. నాయకుడు లేకుంటె మొదలు కాదు."

"మీరు?"

ఆయన ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. "ఆడబుద్ధైతలేదు," అన్నాడు చివరికి. "నువ్వు చెప్పకుంటె బాగుండె."

మర్నాడు సైనిక్‌పురి స్నేహితుడు బండి మీద తడుస్తూ వచ్చాడు. వాకిట్లో నిలబడే మాట్లాడాడు. "ఏందన్నా గిది, గేమ్ గేమే గద. ఒక్కటి ఆడకుంటె క్లాన్ ర్యాంకు కింద పడిపోతది."

"తెల్సురా. మీరు ఆడుకోండ్రి. నేను దిగిపోతున్న. నాయకత్వం నీకే ఇస్తున్న."

"బొమ్మల కోసమా?"

"బొమ్మలే. అయిన నాతోని కాదు."

అతను నా వైపు తిరిగాడు. "మంచిగ ఆడుకునేటోన్ని నువ్వే ఖరాబ్ జేసినవ్ వదినా," అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ అది నవ్వు కాదు. చాయ్ తాగి పొమ్మన్నా ఆగలేదు.

నాకు గెలిచినట్టేమీ అనిపించలేదు. చిన్నప్పటి స్నేహితులు ఆ నెలంతా ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు. సాయంత్రాలు ఏం చేయాలో తోచక ఈయన వంటింట్లో నా వెనకే తిరిగాడు. గిన్నెల మూతలు తీసి చూడడం, ఉప్పు తక్కువైందేమోనని అడగడం, నేను పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చుని పిల్లల తప్పులు పైకి చదివి నవ్వడం. ఎప్పుడెప్పుడు ఈయన చేతిలో ఫోన్ పెడతానా అనిపించే దాకా వచ్చింది.

ఇప్పుడు రైళ్ళు నడిపే ఆట ఒకటి దింపుకున్నాడు. అందులో ఎవరినీ నరకరు, ఎవరినీ అమ్మరు. రైలు ఆలస్యం కాకుండా చూసుకోవడమే పని. నిన్న అన్నం పెట్టి పిలిస్తే లోపలి గది నుంచి "సిగ్నల్ పడలే" అన్నాడు. అసలు రైళ్ళు ఎట్లా నడుస్తాయో కనుక్కుని చెప్పమని మాత్రం నన్ను అడగొద్దని అప్పుడే గట్టిగా చెప్పేశాను.