పెనిమిటి పేరు

భద్రాచలం బస్సులో నా పక్క సీటుకు వచ్చిన మనిషి చేతులు వణుకుతున్నాయి. "తాగుబోతు పక్కన నేను కూసోను," అని గట్టిగా అన్నాను. బస్సంతా నవ్వింది.

ముందు సీట్లో ఉన్న అతని భార్య నా మీదికి తిరిగింది. "మానేసి నెల దాటిందక్కా. దవాఖానా నుంచే వస్తున్నం. గా మాట ఎందుకన్నవ్?"

ఏన్కూరులో బస్సు ఆగగానే అతను దిగి నేరుగా సారా దుకాణం వైపు నడిచాడు. "ఏమయ్యో, ఇటు రా!" అని ఆమె ఎంత పిలిచినా తిరిగి చూడలేదు.

మా వైపు ఆడది పెనిమిటి పేరు నోట పలకదు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "లచ్చయ్యా!" అని అరిచింది.

దుకాణం మెట్టు మీద అతను ఆగాడు. కాసేపటికి వెనక్కి వచ్చాడు. నేను జరిగి చోటిచ్చాను.

యాభై దాటాక అక్షరాలు నేర్చినప్పుడు, నా పేరు తర్వాత పలక మీద రాసింది, నా మాటకు దిగిపోయిన మనిషిని వెనక్కి తెచ్చిన ఆ పేరే: లచ్చయ్య.