ఇరుకు వంతెన బొమ్మకు నేను చెప్పిన అర్థం

ఈ మాట ఎన్నేళ్లుగా నాలోనే దాచుకున్నానో చెప్పలేను. భార్యకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నిజాం పాలన ఆఖరి రోజులు. నేనూ నర్సింహా నగరంలో ఒకే కాలేజీలో చదివేవాళ్లం. ఇద్దరిదీ నగరం బయట ఉన్న కొత్తగూడ. ఇప్పుడక్కడ అద్దాల ఆఫీసులు. అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు, మొరం రోడ్డు. మా మేనమామకు ఒక పాత మోటారు కారు ఉండేది. సెలవు రోజుల్లో మా ఇద్దరికీ నడపడం నేర్పేవాడు. నర్సింహాకు ఇట్టే చెయ్యి కుదిరింది. నేను గేరు మార్చినప్పుడల్లా కారు ఎగిరిపడేది. మామ అతన్ని మెచ్చుకుంటుంటే నవ్వుతూ నిలబడేవాణ్ని. లోపల కమిలిపోయేవాణ్ని.

రోడ్డు పక్క బోర్డుల అర్థాలు మాత్రం నాకే బాగా వచ్చు. అక్షరాలుండవు, బొమ్మలే. ఒకరోజు నర్సింహా పుల్లతో మట్టిలో ఒకటి గీశాడు. రెండు గీతలు. మధ్యలో దగ్గరకొచ్చి మళ్లీ దూరమయ్యాయి.

"ఇదేందిరా? ముందట ఇరుకు వంతెన ఉన్నట్టా?"

"కాదు. రెండు తొవ్వలు కలుస్తయని. హారన్ కొట్టి సీదా పోవాలె."

"గట్లనా? నువ్వు చెప్పకుంటే మామ ముందట ఇజ్జత్ పోతుండె."

అతను సరిగ్గానే ఊహించాడు. నేను కాదన్నాను. మామ అడిగినప్పుడు అతను ఒక్కసారి తప్పు చెబితే చాలనుకున్నాను, అంతకు మించి కోరుకోలేదు. నిజంగా కోరుకోలేదా? ఇప్పటికీ నాకు నమ్మకం లేదు.

మామ అడగకముందే జ్వరంతో మంచం పట్టాడు. డాక్టరును తీసుకురమ్మని కారిచ్చి, నర్సింహానే నడపమన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. దారిలో ఆ బోర్డు వచ్చింది. అతను హారన్ కొట్టాడు. వేగం తగ్గించలేదు. నేను నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఆగమంటే ఎందుకని అడుగుతాడు, కారణం చెబితే నా అబద్ధం బయటపడుతుంది, ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది అదొక్కటే. వంతెన మీద ఎడ్లబండి ఎదురొచ్చింది. దాన్ని తప్పించబోయి అతను కారును వంతెన పిట్టగోడకు కొట్టాడు.

నాకు గీరుకుపోయింది, అంతే. అతని మోకాలు నుజ్జయింది.

జ్వరం తగ్గాక మామ దవాఖానకు వచ్చాడు. "బోర్డు చూడలేదారా?" అని అడిగాడు.

"చూసిన మామా. అర్థం యాది మర్శిన," అన్నాడు నర్సింహా. నా వైపు చూడలేదు.

తానే పొరబడ్డాననుకున్నాడా? నన్ను కాపాడాడా? అడగాలంటే ముందు నేను చెప్పాలి. చెప్పలేదు. అతను కాలేజీ మానేశాడు. జీవితమంతా బస్సెక్కాలంటే ఎవరో చెయ్యందించాల్సి వచ్చింది. నేను లైసెన్సు తెచ్చుకున్నాను. అతని ఇల్లు దారిలో పడితే చుట్టు తిరిగి పోయేవాణ్ని. ఆ తర్వాత నాకు స్నేహితుడంటూ ఎవరూ కాలేదు. ఎవరైనా నన్ను నమ్మి ఏదైనా అడిగితే భయమేసేది.

మొన్న చలికాలంలో నర్సింహా పోయాడు. వాళ్లింటికి వెళితే కొడుకు నా చేతులు పట్టుకున్నాడు. "మా నాయిన మీ ముచ్చటే చెప్తుండె. బోర్డులన్నీ మీరే నేర్పిండ్రట," అన్నాడు.

అవునన్నాను. చేతులు విడిపించుకుని వచ్చేశాను.

అక్కడ అనాల్సిన మాట ఇక్కడ అంటున్నాను. నర్సింహా ఏదీ మరచిపోలేదు. నేను చెప్పినట్టే చేశాడు.