పేన్లు కుక్కే చేతులు

ఛీ! ఆ మాట వింటేనే నాకు ఒళ్లు జలదరిస్తాది. కుక్కడం! నేను పాఠాలు చెప్పే నంద్యాల బడిలో టీచరమ్మలు మర్యాదగా ‘పేలు చూడటం’ అంటారు. ఆళ్లగడ్డలో నేనుండే మా అన్న ఇంట్లో అట్లాంటి మర్యాదలు లేవు. “రాయే, పేన్లు కుక్కుతా” అని మా వదిన కూతుర్ని కాళ్ల మధ్య కూచోబెట్టుకుంటాది. ఈరుబానతో బరబరా దువ్వి, రాలిన పేనును ఒక బొటనగోటి మీద పెట్టి ఇంకో గోటితో నొక్కుతాది. టప్‌మంటాది. ఆ రక్తం చాప అంచుకు రాసేసి మళ్లీ తల్లో చెయ్యి పెడతాది. ఒకసారి అవే చేతుల్తో సంగటి ముద్ద చేసి పెడితే కంచం నెట్టేసి లేసినా.

పోయిన నవంబరులో నా దిండు మీద పేను కనపడింది. మేనకోడలు పడుకునేది నా పక్కనే. ఇంకేముంది, ఇల్లంతా లేపినా.

“ఈ పిల్లకు గుండన్నా కొట్టించు, లేదంటే నేను నంద్యాలలో రూము చూసుకుంటా” అని అన్నతో తెగేసి చెప్పినా.

పాపకు ఎనిమిదేండ్లు. క్రిస్మస్‌కు చర్చిలో డ్యాన్సు ఉందని, రెండు జడలేసి ఎర్ర రిబ్బన్లు కట్టుకోవాలని ఏడాదిగా జుట్టు పెంచుతాండాది. “వద్దత్తా, రోజూ కుక్కించుకుంటా” అని నా కాళ్లు పట్టుకునింది. నేను కాళ్లు వెనక్కి లాక్కున్నా. గుండు కొట్టించినాక చర్చిలో ఆ పిల్లను వెనక వరసకు మార్చినారు. “పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగి పెట్టిందంట” అని వంటింట్లోంచి వదిన నాకు వినపడేట్టే అనింది.

పది రోజులకు, బడి నుంచి ఇంటికొస్తాంటే, బస్సు శిరివెళ్ల దాటినాక వెనక సీట్లో పెద్దామె నా భుజం తట్టింది. “అమ్మా, నీ కొప్పులోంచి పేను దిగుతాంది.”

బస్సంతా వినింది. సిగ్గుతో చచ్చిపోయినా. ఆ పిల్లకు జుట్టు పోయి పది రోజులాయె. మరి ఇవి ఎవరివి? బడిలో నా కుర్చీ చుట్టూ మూగే పిల్లల తలలు గుర్తొచ్చినాయి. ఇంటికి మోసుకొచ్చింది నేనే! నా మీద నాకే అసహ్యమేసింది.

ఇంటికొచ్చి తలుపు దగ్గరికేసుకుని గోక్కుంటాంటే పాప వచ్చింది. నన్ను చూసి, బయటికి పోయి, ఈరుబాన తెచ్చింది.

“ఈడ కూచో అత్తా. నేను కుక్కుతా.”

కూచున్నా. ఆ చిన్న వేళ్లు నా తల్లో తిరుగుతాంటే ఏడుపొచ్చింది. టప్‌మనింది.

పాప నా చెవి దగ్గరికి వంగింది. “నాయనకు చెప్పను లే. చెప్తే నీకూ గుండు కొట్టిస్తాడు.”